సున్నం పూసిన పుస్తకం

గుర్రం ఒక్క రాత్రిలో ఎంత దూరం పోతుందో నేను చాలాసార్లు లెక్క వేశాను. నాకు గుర్రం లేదు. గుర్రమెక్కిన వాళ్లెవరూ నాకు తెలియదు. కానీ నేను చదివే నవలల్లో సేనాపతులు దీపాలు పెట్టే వేళకు ఒక కోటలో బయలుదేరి, కోడి కూసేసరికి ముప్పై ఆమడల అవతల ఇంకో కోట గోడ దూకేవారు. ఆమడకు ఎనిమిది మైళ్లు. ముప్పై ఆమడలంటే రెండు వందల నలభై మైళ్లు. మధ్యలో ఎక్కడో ఆ గుర్రం చచ్చి ఉండాలి. రాసినాయనకు ఆ సంగతి తెలియదు, గుర్రానికి తెలిసి ఉంటుంది.

ఎనభైల చివరి సంవత్సరాల మాట ఇది. ఆర్మూర్‌లో పసుపు కాంటా దగ్గర నేను దడవాయిని. బస్తా తూకం వేసి అంకె గట్టిగా పలకడం నా పని. నేను బడికి పోయింది రెండో తరగతి వరకే. మిగతా చదువు బస్తాల మీది అక్షరాలు, బస్సుల బోర్డులు, తూకం చీటీలు నేర్పాయి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. మూడు అంకెలను మూడు అంకెలతో గుణించమంటే నిలబడ్డ చోటే చెప్పేవాణ్ణి. చదవడానికి మాత్రం ఒక్కో మాట దగ్గర ఆగాల్సి వచ్చేది. రోజుకు పన్నెండు పేజీలు నా వేగం. పండుగనాడైనా పదమూడు దాటలేదు.

ఆ పన్నెండు పేజీలూ పాత రాజుల కాలంలో జరిగే హత్యల కథలే. మూసిన గదిలో శవం, ముద్ర పోయిన ఉంగరం, గోడలోపల గోడ. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల దుకాణంలో రెండు అరలు ఇవే ఉండేవి. వీటి మీద అంత ఇష్టం ఎందుకని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. దడవాయి బతుకు అనుమానాల మధ్య బతుకు. పసుపు తెచ్చిన రైతు నన్ను అనుమానంగా చూస్తాడు. కొనే సేటూ అలాగే చూస్తాడు. ఇద్దరి మధ్య నిలబడి నేను కాంటా ముల్లును చూస్తాను. సాయంత్రం పుస్తకం తెరిస్తే మాత్రం అనుమానించే వంతు నాది. రాణిగారి చెల్లెల్ని కూడా వదలక్కరలేదు.

నా భార్య ఆలూరు పిల్ల. ఏడో తరగతి వరకు చదివింది, నాకన్నా ఐదు తరగతులు ఎక్కువ. కానీ మా ఇంటికి వచ్చాక ఆమె చేతిలో పుస్తకం నేను చూడలేదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మా వాడకట్టులో ఆడవాళ్లందరిదీ అదే పని. బీడీల లెక్క నాకు కంఠతా వచ్చు. కట్టకు ఇరవై ఐదు. గంటకు నాలుగు కట్టలు. రోజుకు నలభై కట్టలు, అంటే వెయ్యి బీడీలు, పది గంటలు. సాయంత్రం నేను వచ్చేసరికి బుట్టలో నలభై కట్టలు ఉండేవి. ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు. పది గంటలు బీడీలకు పోతే మిగిలిన వేళ వంటకు, నీళ్లకు, బట్టలకు సరిపోతుంది. పుస్తకానికి ఒక్క నిమిషం మిగలదు. ఇది నేను ఎన్నడో వేసి పెట్టుకున్న లెక్క. మళ్లీ వేయాలని అనుకోలేదు.

ఆ ఏడాది పసుపు సీజన్లో మూడు భాగాల నవల ఒకటి తెచ్చాను. కోటలో ధాన్యం కొలిచే అధికారి తన కొట్టులోనే చచ్చి పడి ఉంటాడు. లోపలి నుంచి గడియ పెట్టి ఉంటుంది. చచ్చినవాడు కొలతల మనిషి కాబట్టి నాకు దగ్గరి చుట్టం పోయినట్టే అనిపించింది. దొంగను పట్టే పని ఆస్థానంలో ఒక లేఖకుడిది. నా అనుమానం మొదటి నుంచీ రాజవైద్యుడి మీద.

రెండో భాగం చదువుతుండగా మొదలైంది సంగతి. పేజీల మధ్య గుర్తుకు తునికాకు ముక్క ఒకటి పెట్టుకునేవాణ్ణి. ఆకుకు ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. నేను ఎప్పుడూ నునుపు పైకి పెడతాను. కాంటా మీద తూకపు రాళ్లు పెట్టడానికి ఒక వరస ఉన్నట్టే దీనికీ ఒక వరస. ఒక సాయంత్రం ఎనభై ఎనిమిదో పేజీలో గరుకు పైకి ఉంది.

పేజీ అదే. ఆకు తిరగబడింది. ఎవరో తీసి, చదివి, మళ్లీ అక్కడే పెట్టారు. నా పుస్తకం ముట్టొద్దని ఇంట్లో ముందే చెప్పి ఉన్నాను. పేజీ నలిగితే దుకాణమాయన మళ్లీ పుస్తకం ఇవ్వడని నా భయం. మరెవరు ముట్టారు? అడగలేదు. నవలల్లో లేఖకుడు కూడా ముందే అడగడు.

మూడో రోజు కాంటా దగ్గర ఇంకో సంగతి. నాతోపాటు పదకొండేళ్లుగా అదే కాంటా మీద రాళ్లు ఎత్తే దోస్తు ఒకడుండేవాడు. మా వెనక వీధిలోనే ఇల్లు. పుస్తకాలంటే వాడికి పడదు. అలాంటివాడు బస్తా దింపుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"పాపం, గా వైద్యుడు సచ్చిపాయె గదనే."

"ఏ వైద్యుడు?"

"గదే, నువ్వు సదువుతున్న కితాబుల. దూలానికి ఏలాడిండట గద!"

అప్పటికి నేను నూట పన్నెండో పేజీ దగ్గరున్నాను. వైద్యుడు బతికే ఉన్నాడు. పైగా ఆ రోజు వరకు దొంగ ఆయనే.

"నీకెట్ల తెలుసుర?"

వాడు నాలుక కరుచుకున్నాడు. "ఎవలో అన్నరు తియ్. బస్తా ఎత్తు, సేటు సూస్తుండు."

సాయంత్రం ఇంటికి పోయి చదివాను. నూట ఇరవయ్యో పేజీలో రాజవైద్యుడు దూలానికి వేలాడుతున్నాడు. నా అనుమానం ఆయనతో పాటే పోయింది. ఆ స్థానంలో ఇంకో అనుమానం వచ్చి కూర్చుంది.

మర్నాడు అద్దె దుకాణానికి వెళ్లాను. ఆ రెండో భాగం ఇంకొకటి ఉందా అని అడిగాను.

"ఒక్కటే ఉన్నది. గది నీ దగ్గర్నే ఉన్నది గద," అన్నాడు దుకాణమాయన. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "నిన్న పగటీలి మీ ఇంటి దిక్కుకెల్లి పోయిన. తలుపులు పెట్టి ఉండె. ఇంటోళ్లు ఊరికి పోయిన్రా?" అన్నాడు.

ఊరికి ఎవరూ పోలేదు. మా వాడకట్టులో పగటిపూట తలుపులు పెట్టుకునే ఇల్లు లేదు. బీడీలు చేసే ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుంటారు. పుస్తకం ఒక్కటే, అది మా ఇంట్లోనే ఉంది. లోపలి కథ నా దోస్తుకు తెలిసింది. వాడు రోజూ మధ్యాహ్నం తిండికి ఇంటికి పోయి వస్తాడు. వాడి ఇల్లు మా వెనకే. మా తలుపులు మూసి ఉంటున్నాయి. ఒక్కొక్కటీ చిన్న రాయే. కానీ పల్లెంలో ఒకటి మీద ఒకటి పెడుతుంటే ముల్లు ఒక వైపుకు ఒరుగుతోంది.

ఆ నవలలో లేఖకుడు కొట్టు ముందు బియ్యప్పిండి చల్లి అడుగుల జాడ పట్టుకుంటాడు. నేను అంతకన్నా మంచి ఉపాయం కనిపెట్టాననుకున్నాను. పసుపు చేతితో సున్నం ముడితే ఎర్రబడుతుంది. ఇది కాంటా దగ్గర చూసిందే. అందరం ఆకు, వక్క వేసుకునేవాళ్లమే. పసుపు వేళ్లతో సున్నం డబ్బీ తీసేసరికి గోళ్లన్నీ ఎర్రగా ఉండేవి. కాబట్టి పేజీల అంచులకు పలచగా సున్నం పూస్తే చాలు. తెల్ల కాగితం మీద తెల్ల సున్నం కనిపించదు. బీడీలు చేసే చేతికి తంబాకు అంటుతుంది తప్ప పసుపు అంటదు. మార్కెట్ మనిషి చేయి తగిలితే మాత్రం ఎరుపు తేలుతుంది. అబద్ధం చెప్పలేని సాక్షి.

మర్నాడు పొద్దున్నే దూదితో నూట ముప్పై ఏడో పేజీ నుంచి చివరిదాకా అంచులకు పూశాను. గాలికి ఆరనిచ్చి అలమారలో పెట్టి మార్కెట్‌కు పోయాను.

ఆ రోజంతా నా దోస్తు చేతులు చూస్తూ నిలబడ్డాను. మోచేతుల దాకా పసుపు. పదకొండేళ్లలో మొదటిసారి అంకె తప్పు పలికాను. అరవై ఏడుకు అరవై రెండన్నాను. సిరికొండ నుంచి వచ్చిన రైతు ఒక్క అరుపు అరిచాడు.

"ఏం దడవాయన్నా, కండ్లు ఇంట్ల వెట్టి అచ్చినవా?"

అందరూ నవ్వారు. నా దోస్తూ నవ్వాడు. మధ్యాహ్నం వాడు తిండికి పోయి నలభై నిమిషాలకు తిరిగి వచ్చాడు. ఆ నలభై నిమిషాలు నేను గడియారం కిందే ఉన్నాను.

సాయంత్రం ఇంటికి పోగానే పుస్తకం తీశాను. నూట అరవై ఒకటి నుంచి నూట ఎనభై వరకు, పది కాగితాల మూలల్లో ఎర్రటి మరకలు. పారాణి పెట్టినట్టు ఉన్నాయి. దానికి ముందూ, నూట ఎనభై ఒకటి నుంచీ అంచు తెల్లగా ఉంది. చేయి పెట్టిన మనిషి ఇరవై పేజీలు చదివి ఆగాడు. నేను పన్నెండు చదివే వేళలో వాడు ఇరవై చదువుతున్నాడని కూడా లెక్క వేశాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ వేశాను.

నా భార్య అన్నం పెట్టింది. పచ్చిపులుసు చేసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి పళ్లెం జరిపింది. నీళ్లు తాగింది.

"ఏమైంది?"

"నాల్కె అంత పొక్కింది. ఏం తిన్ననో ఏమో."

నేను విన్నాను. విని బుట్ట వైపు చూశాను. నలభై కట్టలు. వెయ్యి బీడీలు. పది గంటలు. ఈమె పుస్తకం ముట్టే వీలే లేదు. సాక్ష్యం నా ఎదురుగా కూర్చుని చల్లనీళ్లతో నాలుక తడుపుకుంటోంది. నేను కట్టలు లెక్కపెట్టాను.

"పగటీలి మనింటికి ఎవడస్తుండు?" అన్నాను.

"ఎవడు?"

"తలుపులు పెట్టుకుంటున్నరట గద. ఎవడస్తుండు అని అడుగుతున్న." అంతటితో ఆగకుండా నా దోస్తు సంగతి కూడా ఎత్తాను. "గా వెనక గల్లోడేనా?"

ఆమె చెంబు కింద పెట్టింది.

"లెక్కేసినవా?"

"ఏసిన."

"బరాబర్ అచ్చిందా?"

"అచ్చింది."

"అయితె ఇగ నన్నెందుకు అడుగుతున్నవ్?" అని లేచి గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

ఏడవలేదు, అరవలేదు. నేను చదివిన నవలల్లో తప్పు చేసినవాళ్లు వణికేవారు, చేయనివాళ్లు ఏడ్చేవారు. ఈ మూడో రకం ఏ పుస్తకంలోనూ రాలేదు. అందుకని ఆమె మీద అనుమానం ఇంకా పెరిగింది.

మర్నాడు శనివారం. ఎండ నడినెత్తికి వచ్చాక, జర పనుందని చెప్పి కాంటా వదిలి ఇంటికి నడిచాను. నా దోస్తు అప్పటికే తిండికి పోయి ఉన్నాడు. దుకాణమాయన చెప్పింది నిజమే. తలుపులు మూసి ఉన్నాయి. గోడవారగా వచ్చి చెవి పెట్టాను. మాటలు లేవు. కత్తెర చప్పుడు మాత్రం కచ్ కచ్ మని వినిపిస్తోంది. ఒక కత్తెర కాదు. రెండు, మూడు, ఇంకా ఎక్కువ. తలుపు తోశాను. గడియ పెట్టి లేదు. గాలికి తెరుచుకోకుండా లోపల ఒక రాయి ఆనించి ఉంది, అంతే. అది జరిగింది.

లోపల ఏడుగురు ఆడవాళ్లు. గోడకు ఆనుకుని నా భార్య. చుట్టూ ఒళ్లో చాటలతో మా వాడకట్టు వాళ్లు ఆరుగురు. పెద్దావిడ మా పక్కింటి పెద్దమ్మ. తలుపు దగ్గరగా కూర్చున్నది నా దోస్తు భార్య. అందరూ చేతులు ఆపి నన్ను చూశారు.

"రా బిడ్డా, రా," అంది పెద్దమ్మ. "దొంగను వట్టుకునేతందుకు అచ్చినవా?"

"బావా, మా ఆయనను యాడ దాసిన్నో దేవులాడు," అంది నా దోస్తు భార్య. "గా గుమ్మిల సూడు. లేకపోతె నా సాట కింద సూడు. మనిషి జర లావున్నడు, జల్దిన దొరుకుతడు."

ఎవరూ నవ్వలేదు. నా భార్య తల ఎత్తింది.

"నిన్న నన్నడిగింది ఈల్ల ముంగట అడుగు."

నేను వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను.

"నేను అడగమన్న. అడుగు."

అప్పుడు పెద్దమ్మ చెప్పింది. ఎండలు ముదిరాక వడగాలికి అరుగు మీద ఆకు ఎండి పెళుసవుతోంది. మా ముందు గది చల్లగా ఉంటుందని అందరూ ఇక్కడికి జరిగారు. గాలి రాకుండా తలుపులు మూశారు. ఊరికే కూర్చుంటే పొద్దు పోవడం లేదని, అలమారలో పుస్తకం చూసి, ఏముందో చదవమని నా భార్యను అడిగింది కూడా పెద్దమ్మే. రోజూ గంటన్నర. ఆమె చదువుతుంటే మిగతావాళ్ల చేతులు ఆగవు. కానీ ఆమె చేతులు ఆగుతాయి కదా.

"గందుకు తలా ఒక కట్ట," అంది పెద్దమ్మ. "సదివినోల్లకు మనిషికొక్క కట్ట. మా అమ్మ కాలంల పాట వాడినోల్లకు గిట్లనే ఇస్తుండిరి. కూలి వోతె ఎట్ల మరి?"

ఆరుగురు, ఆరు కట్టలు. గంటకు నాలుగు కట్టలు. గంటన్నరకు ఆరు. నలభైలో ముప్పై నాలుగు ఆమెవి, ఆరు వాళ్లవి. నా అంత గట్టి లెక్క వాళ్ల ముందే విడిపోయింది. బుట్ట అక్కడే ఉంది. చూశాను. ఆరు కట్టల దారం ముడి వేరుగా ఉంది. రోజూ వందల బస్తాల కుట్టు చూసి ఏ ఊరి కుట్టో చెప్పే నేను, మా ఇంటి బుట్టలో ముడులు చూడలేదు. లెక్కపెట్టాను తప్ప చూడలేదు.

"మరి వైద్యుడు సచ్చింది వానికెట్ల..." అన్నాను. మాట సగంలోనే జవాబు తెలిసింది.

"నేనే చెప్పిన," అంది నా దోస్తు భార్య. "బువ్వ పెట్టుకుంట చెప్పిన. నీకు చెప్పొద్దని కూడ అన్న. ముంగటి కథ చెప్తె నువ్వు కోపానికస్తవని. గంతే బావా."

ఇక మిగిలింది ఎరుపు. ఆ ఒక్కదాన్ని పట్టుకుని వేలాడాను. సున్నం పూసిన సంగతి అక్కడే చెప్పేశాను. పసుపు చేయి తగిలిందని, మార్కెట్ మనిషిదేనని అనుకున్నానని చెప్పాను.

నా భార్య రెండు చేతులూ చాచి నా ముందు పెట్టింది. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ పచ్చగా ఉంది.

"నిన్న శుక్రారం. గడపకు పసుపు ఎవలు వెట్టిన్రు? మార్కెటోడచ్చి పెట్టిండా?"

రోజంతా పసుపు తూకం వేసే మనిషిని. పసుపు అంటే బస్తా, కొమ్ము, మండ, తేమ, దుమ్ము. నా ఇంటి గడప మీది పసుపు, ఆమె పాదాల మీది పసుపు, కూరలో చిటికెడు పసుపు, ఇవేవీ నాకు పసుపు లెక్కలోకి రాలేదు. ఊళ్లో పసుపు మగవాళ్ల చేతులకే ఉంటుందని నమ్మి ఉచ్చు పన్నాను.

"నాల్కెకు వేలు తడి చేసుకుంట సదివింది పిల్ల," అంది పెద్దమ్మ. "పెండ్లాంకు సున్నం తినవెట్టినవ్ కదర!"

తప్పైందన్నాను. ఎవరితో అన్నానో తెలియకుండా, నేల వైపు చూస్తూ అన్నాను. నా భార్య పుస్తకం తీసి, ఎర్ర మూలలు ఒకసారి చూసి, నా చేతికిచ్చింది.

"ఇగ నేను సదువ," అంది.

కాంటా దగ్గరికి తిరిగి పోయేసరికి నా దోస్తు రాళ్లు వరస పెడుతున్నాడు. వాడికి అప్పటికే తెలుసు. తల తిప్పకుండానే అన్నాడు. "బై, మీ ఇంటి తొవ్వ నాకు తెల్వదని కాగితం రాసియ్యాల్నా?" ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు. రాళ్లు మాత్రం ఎప్పటిలాగే వరసగా అందించాడు.

నా భార్య అన్న మాట నిలబెట్టుకుంది. రెండో భాగం నేనే ముగించి మూడోది తెచ్చి అలమారలో పెట్టాను. ఆకు ముక్క నునుపు పైకి పెట్టాను. ప్రతి సాయంత్రం చూసేవాణ్ణి. నునుపు పైకే ఉండేది. ఒక్కరోజైనా తిరగబడి ఉంటే బాగుండునని ఆశ. బుట్టలో నలభై కట్టలు ఉండేవి. ముడులన్నీ ఒకే చేతివి. ఆమె నాతో మాట్లాడేది. బియ్యం అయిపోయాయనీ, ఆలూరులో పెళ్లి ఉందనీ చెప్పేది. అంతకు మించి ఒక్క మాట రాలేదు. నాకు ఆ పుస్తకం ముందుకు సాగలేదు. రోజుకు పన్నెండు పేజీల మనిషిని, రెండు కూడా దాటలేకపోయాను.

పసుపు రాక తగ్గి మధ్యాహ్నాలు ఖాళీ దొరికాక ఒకరోజు పెద్దమ్మ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, గా కొలతలాయనను సంపింది ఎవడో తెల్వక నాకు నిద్ర వడ్తలేదు. ఇయ్యాలనో రేపో పొయ్యేదాన్ని. నువ్వే సదువు."

"నాకు జల్ది రాదు పెద్దమ్మా."

"మాకేమన్న బస్సున్నదా?"

అలా నేను ఆరుగురి మధ్య కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఏడో మనిషి గోడ వైపు తిరిగి బీడీలు చేసుకునేది. ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. సేనాపతి గుర్రమెక్కగానే ఆమడలు లెక్క వేయడానికి ఆగేవాణ్ణి.

"నడువు బావా," అనేది నా దోస్తు భార్య. "గుర్రం ఇంక లాయంలనే ఉన్నది. దానికి గడ్డెయ్యాల్నా?"

చదువు అయిపోగానే తలా ఒక కట్ట నా ముందు పెట్టేవారు. రివాజు రివాజే. ఆ ఆరు కట్టలు తీసుకుపోయి నా భార్య బుట్ట పక్కన పెట్టేవాణ్ణి. ఆమె వాటిని ముట్టేది కాదు. మర్నాడు పొద్దున్నే తిరిగి ఎవరి కట్ట వాళ్లకు ఇచ్చేసేది. సాయంత్రం బుట్టలో నలభై ఉండేవి. పద్నాలుగు రోజులు నలభై.

పదిహేనో రోజు ఆఖరి పేజీలు. లేఖకుడు అందరినీ సభలో నిలబెట్టాడు. రాణి చెల్లెలు కాదు. సేనాపతి కాదు. ద్వారపాలకుడు కాదు. తెర తీయగానే పరదేశపు రాజకుమారుడొకడు బయటికి వచ్చాడు. కొలతల అధికారిని చంపింది వాడట. నేను చదవడం ఆపి వెనక్కి తిప్పాను. మూడో భాగమంతా వెతికాను. మొదటి రెండు భాగాలూ నాకు జ్ఞాపకమే. మూడు భాగాల్లో ఎక్కడా ఆ మనిషి లేడు.

"గీడెవడే?" అంది నా దోస్తు భార్య. "గిన్ని దినాలు యాడున్నడు?"

"కథల లేనోన్ని తెచ్చి పెట్టిండు," అంది పెద్దమ్మ. "నా నిద్ర చెడగొట్టి, ఆఖర్ల గిట్లనా చేసుడు? రాసెటోనికి సిగ్గుండాలె."

గోడ వైపు నుంచి మాట వచ్చింది. ఆమె తల తిప్పలేదు, చేతులు ఆపలేదు.

"దొంగ దొరక్కపోతె లేనోన్ని తెచ్చి నిలవెట్టుడే. గది సుల్వైన పని."

ఆరు కత్తెరలూ ఆగిపోయాయి. ఎవరు ముందో తెలియదు, నా దోస్తు భార్య అనుకుంటాను, ఒక నవ్వు జారింది. తర్వాత పెద్దమ్మ నవ్వింది. తంబాకు ముక్కుల్లోకి పోయి దగ్గుతూ నవ్వింది. గోడ వైపు వీపు కూడా కొంచెం కదిలింది. నవ్విందో లేదో నేను చూడలేదు. చూడని దాన్ని లెక్కలో వేయను. పుస్తకం మూసి, నా ఆరు కట్టలు ఎప్పటిలాగే ఆమె బుట్ట పక్కన పెట్టి బయటికి వచ్చాను.

సాయంత్రం బుట్టలో నలభై ఆరు కట్టలు ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత ముడులు చూశాను. ఆరు వేరే.

తొంభైలు వచ్చాక ఆ గది ఖాళీ అయింది. రెండు ఇళ్లకు టీవీలు వచ్చాయి. చాటలు ఆ ఇళ్లలోకి జరిగాయి. పెద్దమ్మ పోయింది. నా దోస్తు గల్ఫ్‌కు పోయి మూడేళ్లకు తిరిగి వచ్చి మళ్లీ మా కాంటా దగ్గరే నిలబడ్డాడు. అద్దె దుకాణం మూసేరోజున ఆ రెండు అరల్లో మిగిలినవి నేనే తెచ్చుకున్నాను. ఇప్పుడు ఏ పుస్తకమైనా ముందు ఆమె చదువుతుంది. ఆమె చదివాక నేను. వైద్యుడు చచ్చిపోయే సంగతులు ఆమె ముందే చెప్పదు. నా మొహం చూసి నేను ఏ పేజీలో ఉన్నానో మాత్రం చెబుతుంది.

పేజీ తిప్పడానికి ఆమె వేలు నాలుకకు తగిలించదు. పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుంటుంది. ఎవరైనా అడిగితే, బీడీలు చేసిన అలవాటంటుంది.

మొన్న నిజామాబాద్ పోయినప్పుడు పాత పుస్తకాల బండి మీద ఒకటి దొరికితే తెచ్చి ఇచ్చాను. అట్ట మీద కోట, చంద్రుడు, కత్తి. తెరవకముందే అంచు పొడుగునా బొటనవేలు రాసి, వేలిని వెలుతురుకు పెట్టి చూసుకుంది. దుమ్ము తప్ప ఏమీ లేదు. అప్పుడు మొదటి పేజీ తీసింది.